మన రూపాయి చూపించిన మిషను

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చే కౌంటరు ముందు నేను పెట్టుకున్న గొడవ గురించి మా ఆయన ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాడు. చెప్పనీండి. థాయ్‌లాండ్‌లో చెల్లే డబ్బును బాత్ అంటారు. ఒక్కో బాత్‌కు ఆ గాజు పలక వెనక కూర్చున్న అబ్బాయి ఎన్ని రూపాయలు అడుగుతున్నాడో చూసి నాకు ఒళ్లు మండింది. ముందురోజు పేపర్లో చూసిన రేటుకూ వాడి బోర్డు మీద రేటుకూ పొంతనే లేదు.

“ఇదేం రేటు బాబూ? జర సూసి చెప్పు” అన్నాను, రాయచూరులో చీరల దుకాణంలో అడిగినట్టే.

“ఇక్కడ బేరం ఉండదు మేడమ్” అన్నాడు.

“బేరం లేకపోతే నీ దగ్గర మాకేం పని?” అని పర్సు మూసేసి, మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. ఆ దర్జాకు కారణం ఉంది. మాకు టికెట్లు తీసిచ్చిన రాయచూరు ట్రావెల్స్ ఆయన “చింతె మాడబేడి అక్కా” అని కన్నడంలో భరోసా ఇచ్చాడు. అక్కడి ఏటీఎంలో మన కార్డు పెడితే అక్కడి డబ్బే వస్తుందట, రేటు కూడా నయమట. ఆయన చెప్పింది నిజమే. చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటుంది. ఆ ముక్క దగ్గరే మేం మునిగాం.

వెళ్లింది ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఆ ప్రయాణమంతా అత్తమ్మ కోసమే.

అత్తమ్మది రాయచూరు పక్కన యరగేర అనే పల్లె. పుట్టిన దగ్గర్నుంచీ నేల మీదికి వంగి చేసే పనులే. కలుపు తీయడం, పత్తి ఏరడం, పేడతో అలకడం. కొడుకుకు కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి, కాలనీలో క్వార్టర్ ఇచ్చాక మాతోపాటు వచ్చేసింది. వచ్చిన రోజే పెరట్లో నిలబడి, మెడ వెనక్కి వంచి పొగగొట్టం చివరిదాకా చూసింది. ఉతికి ఆరేసిన బట్టల మీద బూడిద రాలుతుంటే నేను తిట్టుకుంటున్నాను. ఆమెకు ఆ బూడిద పట్టలేదు.

“ఏంరా, దాని మీదికి ఎవరన్న ఎక్కుతరా?” అని కొడుకునడిగింది.

“రిపేరు చేసెటోళ్లు ఎక్కుతరమ్మా.”

“నన్నొకసారి ఎక్కించు. పైనుంచి ఎట్లుంటదో సూస్త.”

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. ఏడాదికోసారైనా అడిగేది. ఒకసారి దసరా పూజకు ప్లాంటు లోపలికి తీసుకెళ్తే, పెద్ద ఆఫీసరునే నిలబెట్టి అడిగేసింది. ఆయన “రూల్స్ ఒప్పుకోవమ్మా” అంటే, “రూలుకు నా మీద ఏం కోపం?” అంది. మా ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడుతున్న రోజుల్లో ఆమె మోకాళ్లు కూడా మొరాయించాయి. ఇంక పొగగొట్టం మాట ఎత్తడం మానేసింది. అది నాకు నచ్చలేదు. అడిగే మనిషి అడగడం మానేస్తే ఇల్లు చిన్నబోయినట్టుంటుంది.

అందుకే ట్రావెల్స్ ఆయన ఇచ్చిన రంగుల కాగితంలో పట్టాయా సముద్రం మీద పారాచ్యూట్‌తో ఎగురుతున్న మనిషి బొమ్మ కనబడగానే నేను ఎగిరి గంతేశాను. మోటారు పడవ తాడుతో లాగుతుంటే మనిషి గాలిపటంలా పైకి లేస్తుంది. మోకాళ్లతో పనే లేదు! కాగితం తీసుకెళ్లి అత్తమ్మ ఒళ్లో పెట్టాను. చాలాసేపు చూసింది.

“చీర కట్టుకున్నోళ్లను ఎక్కిస్తరా?”

“ఎందుకు ఎక్కించరు?”

“అయితే నువ్వు గూడ ఎగరాలె. నేనొక్కదాన్నే ఎగిరితే ముసల్దానికి పిచ్చి లేసిందంటరు. అత్తాకోడండ్లు ఇద్దరం ఎగిరితే ఎవరేమంటరు? నువ్వు ఎగరకుంటే నేను గూడ ఎగర.”

నాకూ ఎగరాలనే ఉంది. ఒప్పుకున్నాను. కాలనీలో వేస్తున్న చీటీ ఎత్తి, విమానం, హోటలు, పొద్దుటి టిఫిను, చివరిరోజు దీవికి పడవ, అన్నీ కలిపి ట్రావెల్స్ ఆయనకు కట్టేశాం. మిగిలింది బ్యాంకులో వేశాం. ఎగిరే ఆటకు మాత్రం అక్కడికక్కడే బాత్‌లలో నగదు ఇవ్వాలి.

పట్టాయాలో దిగిన సాయంత్రమే హోటలు పక్క సందులో ఏటీఎం దగ్గరికి ముగ్గురం ఊరేగింపుగా వెళ్లాం. కార్డు పెట్టి, నంబరు కొట్టి, వెయ్యి బాత్ అడిగాం. మిషను తన చార్జీ ఇంత అని చెప్పింది. సరే అన్నాం. అప్పుడు ఇంకో తెర వచ్చింది. మీ ఖాతాలోంచి ఇన్ని రూపాయలు తీసుకుంటాం, ఈ మార్పిడి మీకు సమ్మతమేనా అని ఇంగ్లీషులో అడిగింది. సమ్మతమైతే పచ్చ బటన్, కాదంటే ఎర్ర బటన్.

నేను పొంగిపోయాను. అటు చూసినా ఇటు చూసినా చదవడానికి రాని అక్షరాలు, తెలియని మొహాలు. వాటి మధ్య మన రూపాయి గుర్తు! రాయచూరు స్టేషన్‌లో తెలిసినవాళ్లు ఎదురుపడినట్టే అయింది.

“సూడండ్రి, మన రూపాయల్ల చెప్తుంది. ఎంత మర్యాదగల్ల మిషనో!” అన్నాను.

మా ఆయన పచ్చ బటన్ నొక్కాడు. ఆయన ఇంకోటి నొక్కే ప్రశ్నే లేదు. ఆయన ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఆపరేటర్. అక్కడ ఎర్ర బటన్ అంటే యూనిట్ ట్రిప్పు కొట్టడం. పొరపాటున చెయ్యి తగిలిందా, టర్బైను ఆగిపోతుంది, ఊళ్లకు ఊళ్లు చీకటవుతాయి, నొక్కినవాడికి మెమో వస్తుంది. అందుకే దాని మీద మూత పెట్టి ఉంచుతారు. ఉద్యోగమంతా ఆ మూతకు దూరంగా చెయ్యి పెట్టుకుని బతికిన మనిషి. ఇంట్లో నీళ్ల మోటారు ఎర్ర బటన్ మీద కూడా సీసా మూత అంటించాడు. మోటారు ఆపాలంటే నేను ఆ మూత ఊడబెరకాలి, ఆయన చూడకుండా మళ్లీ అంటించాలి. మా కాలనీలో చాలా ఇళ్లలో ఇదే వరస. ఎర్రది కనబడితే చేతులు వెనక్కి కట్టుకుంటారు.

పైగా నాదొక తెలివి. పరాయి ఊళ్లో పర్సు నిండా డబ్బు పెట్టుకోకూడదని, ఏ రోజుకారోజు కొంచెం కొంచెం తీయించాను. మిషను తీసినప్పుడల్లా ఒకే చార్జీ వసూలు చేస్తుంది. తక్కువ తీసినా అంతే, ఎక్కువ తీసినా అంతే. అన్నీ ఒకేసారి తీసుంటే ఒక్కసారే కట్టేవాళ్లం. నేను రోజూ కట్టించాను. ఎయిర్‌పోర్టులో ఆ అబ్బాయిని అన్ని మాటలన్న దాన్ని ఈ మిషనుకు మాత్రం నవ్వుతూ సమర్పించుకున్నాను.

ఖాతాలో డబ్బు తరుగుతున్న తీరు చూసి నాకు అనుమానం వచ్చింది. మేం తింటున్నది ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పల్లీల పొడి. కొన్నది కొబ్బరి బోండాలు, ఆటో ఖర్చు. అయినా ఖాతా ఖాళీ అవుతోంది. “ఎక్కడికి పోతున్నయ్ పైసలు?” అని మా ఆయన మీద ఎగిరాను. ఆయన జేబులు తిప్పి చూపించాడు. అత్తమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, “ఎగిరెటందుకు ఉన్నయా లేవా, గది చెప్పుండ్రి” అంది.

దీవికి వెళ్లే ముందురోజు సాయంత్రం మళ్లీ ఏటీఎంకు వెళ్లాం. మా ఆయన కళ్లజోడు హోటల్లో మరిచిపోయాడు. నాకివ్వండి నేను నొక్కుతానంటే వినడు కదా. బటన్లంటే తన సొత్తనే ధీమా. తెర వచ్చింది, వేలు పెట్టాడు, ఎర్రది నొక్కేశాడు.

“అయ్యో! ట్రిప్పయిందే!” అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పక్కనున్న కొబ్బరిబోండాల ఆమె కత్తి ఆపి చూసింది. కార్డు మింగేసిందనీ, డబ్బు పోయిందనీ, రేపు అమ్మకు మొహం ఎలా చూపించాలనీ ఒక్క ఊపిరిలో ఏడవబోయాడు. ఇంతలో మిషను లోపల నోట్లు లెక్కపెట్టుకుంటున్న చప్పుడు. కార్డు వచ్చింది. దాని వెనకే నోట్లు కూడా వచ్చాయి! నిన్న ఎన్ని అడిగామో ఇవాళా అన్నే అడిగాం, అన్నీ వచ్చాయి.

ఆయన ఫోను టింగుమంది. బ్యాంకు మెసేజీ. లాక్కుని చూశాను. నిన్నటి మెసేజీ పక్కన పెట్టి చూశాను. మళ్లీ చూశాను. అవే వెయ్యి బాత్‌లు. కానీ నిన్నటికంటే ఇవాళ పోయిన రూపాయలు తక్కువ! అప్పుడు తలకెక్కింది. పచ్చ బటన్ నొక్కితే మిషనువాడు తన రేటుతో, తన లాభం కలుపుకుని రూపాయల్లోకి మారుస్తాడు. ఎర్రది నొక్కితే డబ్బు ఆగిపోదు. వాడు చేసే మార్పిడి మాత్రమే వద్దన్నట్టు. లెక్క బాత్‌లలోనే వెళ్తుంది, మన బ్యాంకు తన రేటుతో మార్చుకుంటుంది. బ్యాంకూ ఊరికే చేయదు, దాని చార్జీ అది తీసుకుంటుంది. అయినా వీడికంటే నయం.

“మర్యాదగల్ల మిషనని అంటినే దీన్ని!” అని అరిచాను. కోపమో సంతోషమో నాకే తెలియలేదు. ఆ సందులోనే మా ఆయన భుజాలు పట్టుకుని ఊపేశాను. “మీరు తప్పు నొక్కి బాగుపడ్డం!” అంటే, ఆయన ఇంకా వణుకుతూనే ఉన్నాడు.

అత్తమ్మకు విషయం చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. నిజాం రోజుల్లో రాయచూరులో హాలీ సిక్కా రూపాయి నడిచేది, తుంగభద్ర దాటితే ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి.

“మా నాయిన ఆదోని సంతకు పోయెటోడు. సంత మొగదల మార్చెటోడు కూసుండి, నీ హాలీలనే ధర చెప్త రా అని పిలిసెటోడంట. వాని దగ్గరికి పోతే మార్చినందుకు వట్టమని బాగ గుంజెటోడు. మా నాయిన పోకపోయేది. మన ఊర్ల పైసలు మార్చే సరాఫు దగ్గర్నే కల్దార్లు తీస్కొని పోయేది” అంది.

“గీ మాట మొదటి రోజే చెప్తే ఏమాయె అత్తమ్మా?”

“నువ్వు అడిగినవా? మిషను మంచిదని మురిసిపోతుంటివి” అంది.

నాకే నవ్వొచ్చింది.

తెల్లారి దీవికి పడవెక్కే ముందు ఖాతాలో మిగిలింది చూసుకున్నాం. సాయంత్రం తీసింది హోటల్లో విడిగా వాడుకున్నవాటి బాకీకి, ఎయిర్‌పోర్టు బండికి సరిపోయింది. ఎగరడానికి ఒక్కొక్కరికి ఆరు వందల బాత్, ఇద్దరికీ పన్నెండు వందలు. రేవు పక్కనున్న ఏటీఎంలో పన్నెండు వందలు అడిగాను. ఆ రూపాయల తెర మళ్లీ వచ్చింది. వాడు అడుగుతున్న రూపాయలు మా ఖాతాలో లేవు. కొంచెమే తక్కువ.

“సాలవు. ఒక్క టికెట్టుకే తీద్దాం” అన్నాడు మా ఆయన.

అత్తమ్మ వెనకనుంచి వింది. “ఒక్కటైతే వద్దు. పోదాం పా. పడవల కూసొని సముద్రం సూసొస్తం” అంది. అనేసి అటు తిరిగింది. పొగగొట్టం గురించి అడగడం మానేసిన రోజు కూడా ఇలాగే తిరిగింది.

“ఎర్రది నొక్కండ్రి” అన్నాను.

“బ్యాంకు రేటు ఇయ్యాల ఎంతుందో ఎరుకనా? ఖాతాల సాలకపోతే కార్డు లోపల్నే ఉంటది.”

“నిన్న తక్కువనే పట్టె గద. నొక్కండ్రి.”

వేలు ఎర్ర బటన్ దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. “నిన్నంటే కనపడక నొక్కిన. తెలిసి తెలిసి నా చెయ్యి రాదే” అన్నాడు. నిజంగానే చెమటలు పట్టాయి. వెనక వరసలో వాళ్లు గొణుగుతున్నారు. పడవవాడు ఈల వేస్తున్నాడు. నేను ఆయన్ని పక్కకు తోసి, నా బొటనవేలితో నొక్కేశాను. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

మిషను ఆలోచించింది. మా ఖాతాలో ఉన్నది సరిపోతుందో లేదో చూసుకుంటోంది. గరగరమని చప్పుడు. నోట్లు! పన్నెండు వందలూ వచ్చాయి!

“వచ్చినయ్ అత్తమ్మా! వచ్చినయ్!” అని నోట్లు పైకెత్తి చూపిస్తూ పరిగెత్తాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు ఏమైపోయాయో, నాకంటే ముందు పడవలో ఉంది.

దీవికి వెళ్లే దారిలో, సముద్రం మధ్యలో చెక్కలతో కట్టిన పెద్ద వేదిక ఉంది. ఎగిరేవాళ్లు దాని మీదనుంచే లేచి, మళ్లీ దాని మీదే దిగుతారు. మా నోట్లు తీసుకుని రెండు టికెట్లు ఇచ్చారు. ఎవరు ముందు అంటే, “నువ్వు ముందు పోయి అరిసినవంటే నాకు భయమైతది. నేనే పోత” అంది అత్తమ్మ. చీర కుచ్చెళ్లు వెనక్కి తీసి, నాట్లకు దిగేటప్పటిలాగా కాసె పోసి కట్టింది. అక్కడి పనివాడు నడుముకు పట్టీలు బిగిస్తుంటే “గట్టిగ కట్టు కొడుకా, పదేండ్లు తక్కువైతది నా బతుకు, ఊడిపోతే” అంది తెలుగులోనే. వాడికి ఏం అర్థమైందో, తల ఊపి ఇంకా బిగించాడు.

పడవ దూకింది. తాడు బిగుసుకుంది. ఆమె నాలుగడుగులు పరిగెత్తిందో లేదో, కాళ్ల కింద వేదిక లేదు! పైకి, ఇంకా పైకి. ఎర్ర పసుపు గుడ్డ కింద మా అత్తమ్మ! నేను గొంతు చించుకుని అరిచాను. మా ఆయన ఫోటో తీయాలని ఫోను పట్టుకుని, తీయడం మరిచిపోయి, “అమ్మా! అమ్మా!” అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు. పడవ పెద్ద చుట్టు చుట్టి తెచ్చింది. పనివాళ్లు అందుకుని మెల్లగా దించారు.

“ఎట్లుండెనే అమ్మా? ఏమేం కనపడ్డయ్?” అని మా ఆయన పరిగెత్తుకెళ్లాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. చెయ్యి చల్లగా ఉంది.

“ఏం కనపడలే పిల్లా.”

“అంటే?”

“కండ్లు మూస్కున్న. కాళ్లు లేసినప్పుడు మూస్కుంటి, మల్ల కాళ్లు తగిలినంకనే తెరిసిన. ఇన్నేండ్లు వాన్ని సంపుక తిని, పైకి పోయి కండ్లు మూస్కున్న.” ఆమె నవ్వబోయింది. “వానికి చెప్పకు.”

అవతల పనివాడు పట్టీలు పట్టుకుని నన్ను రమ్మని సైగ చేస్తున్నాడు. నా టికెట్టు నా చేతిలో ఉంది. నాకు ఎగరాలని లేదని అబద్ధం చెప్పను. ఆ కాగితం మీద బొమ్మ చూసిన దగ్గర్నుంచీ నిద్దట్లో కూడా ఎగురుతున్నాను. ఒక్క క్షణం ఆ పట్టీలవైపు చూశాను. తర్వాత టికెట్టు ఆమె చేతిలో పెట్టి పిడికిలి మూశాను.

“మల్లొకసారి పో.”

“మరి నువ్వు? నువ్వు ఎగరకుంటే నేను ఎగరనని అంటి గద.”

“నాకు కింద పని ఉంది. కండ్లు తెరువుమని ఎవరన్న ఒకరు అరవాలె గద!”

రెండోసారి ఆమె లేచింది. లేచిన క్షణం నుంచే మొదలుపెట్టాను. “కండ్లు తెరువు అత్తమ్మా! తెరువూ!” మా ఆయనకు సంగతేమిటో తెలియదు, అయినా నాతోపాటు అరిచాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో, ఆ వేదిక మీద నిలబడ్డవాళ్లు కొందరు మాటలు తెలియకుండానే “తెరువూ! తెరువూ!” అని అందుకున్నారు. పడవ చుట్టు తిరిగి, వేగం తగ్గించి, మా తలల మీదుగా వచ్చింది. గాలిలో తేలుతున్న రెండు పాదాలు, ఎగురుతున్న చీర చెంగు. ఆమె మా మీదికి వంగి చూస్తోంది. గాలిని చీల్చుకుంటూ కేక వినబడింది.

“తెరిసిన పిల్లా! అంత కనపడుతుంది! నువ్వు గూడ కనపడుతున్నవ్!”